బెలూన్ ఊపిరితిత్తుల వీడియో: తీసేయాలా, ఉంచాలా?

చాక్‌పీస్_మాష్టారు
రెండేళ్ల కిందట టెన్త్ శ్వాసక్రియ పాఠానికి ఒక వీడియో చేసి పెట్టాను. అందరికీ తెలిసిన మోడలే. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా అడుగు కోసేసి, మూతకి బెజ్జం పెట్టి, రెండు పాయల గొట్టానికి చెరో బెలూన్ కట్టి లోపల వేలాడదీసి, కింద ఇంకో బెలూన్ రబ్బరు సాగదీసి బిగించడం. ఈ రబ్బరే ఉదరవితానం, అంటే ఊపిరితిత్తుల కింద అడ్డంగా ఉండే కండరపు పొర. రబ్బరు కిందికి లాగితే లోపలి బెలూన్లు ఉబ్బుతాయి, వదిలితే ముడుచుకుంటాయి. నా వీడియోలన్నిటిలో ఎక్కువమంది చూసింది అదే, నలభై వేలు దాటింది. వేరే జిల్లాల టీచర్లు కూడా క్లాసులో వేసి చూపిస్తున్నామని రాశారు.

మొన్న మా బళ్లో ఒకమ్మాయి లేచి, "సార్, మన ఊపిరితిత్తుల చుట్టూ కూడా అంత ఖాళీ ఉంటుందా? అందులో గాలి ఉంటుందా?" అని అడిగింది. నాకు గుండెలో రాయి పడింది. ఆ సాయంత్రం యూనిట్ టెస్టు పేపర్లు బయటికి తీసి మళ్లీ చూశాను. 38 మందిలో 29 మంది పక్కటెముకల ఊసే ఎత్తలేదు. బొమ్మ గీసినవాళ్లంతా ఛాతీ గోడకీ ఊపిరితిత్తులకీ మధ్య వేలెడు జాగా వదిలారు. మర్నాడు "ఉదరవితానాన్ని కిందికి లాగేది ఎవర్రా?" అంటే ఒకడు "చెయ్యి సార్" అన్నాడు. వాడి తప్పేం లేదు. వీడియోలో లాగుతున్నది నా చెయ్యే.

ఇప్పుడు ఆ వీడియో తీసేయమంటారా, ఉంచమంటారా? ఇలాంటి మోడళ్లు చేసి పెట్టేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

వీధిబడి
తీయకండి. నలభై వేలమంది చూశారంటే అందులో సగంమంది సీసా కోసి చేసి చూసుకుని ఉంటారు. చేతులతో చేసిన పిల్లవాడు ఊరికే చదివినవాడి కన్నా నాలుగు మెట్లు పైనే ఉంటాడు.

గుండె_సవ్వడి
మాష్టారూ, నేను డాక్టర్ని. ఆ అమ్మాయి అడిగింది ఎంబీబీఎస్ మొదటి సంవత్సరంలో అడగాల్సిన ప్రశ్న. ముందు ఆమెని మెచ్చుకోండి.

ఖాళీ ఉండదు. ఊపిరితిత్తి మీద ఒక పలచటి పొర, ఛాతీ గోడ లోపలివైపు ఇంకో పొర. వాటినే ప్లూరా పొరలు అంటాం. రెంటి మధ్యా ఉండేది కొద్ది మిల్లీలీటర్ల ద్రవం మాత్రమే. రెండు గాజు పలకల మధ్య చుక్క నీళ్లు వేసి అదమండి. పక్కకి జారతాయి గానీ విడదీయడానికి ప్రాణం మీదికొస్తుంది. ఛాతీ గోడ, ఊపిరితిత్తి అలాగే అంటిపెట్టుకుని ఉంటాయి. అందుకే పక్కటెముకలు పైకీ బయటికీ కదిలితే ఊపిరితిత్తి కూడా వాటి వెంటే సాగుతుంది.

ఆ పొరల మధ్యకి గాలి చేరిందంటే అది జబ్బు. కత్తిపోటో, విరిగిన పక్కటెముక గుచ్చుకోవడమో జరిగితే గాలి లోపలికి చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. న్యూమోథొరాక్స్ అంటాం. గొట్టం వేసి ఆ గాలి తీసేస్తే మళ్లీ విచ్చుకుంటుంది. అంటే మీ సీసాలో బెలూన్ చుట్టూ కనిపించే ఆ జాగా ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఉండదు.

ఇంకో రెండు. ఉదరవితానం బల్లపరుపుగా ఉండదు, బోర్లించిన గిన్నెలా గుమ్మటంగా ఉంటుంది. కండరం బిగిస్తే గుమ్మటం చదునవుతుంది. మామూలు ఊపిరిలో అది దిగేది ఒకటి రెండు సెంటీమీటర్లే. మీ రబ్బరేమో చదునుగా మొదలై కిందికి పొట్టలా ఉబ్బుతోంది. రెండోది, ఊపిరితిత్తి బుడగ కాదు, స్పాంజి.

గోదారి_గట్టు
మా అబ్బాయి సైన్స్ ఫెయిర్‌కి ఇదే చేసి జిల్లా దాకా వెళ్లాడు! ఇప్పుడు డాక్టర్ గారు రాసింది వాడికి చదివి వినిపించాను. "అయితే ప్రైజు వెనక్కి ఇచ్చేయాలా నాన్నా" అంటున్నాడు 😀

వీధిబడి
డాక్టర్ గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే. కానీ ఏ మోడల్‌లో లోపం లేదు చెప్పండి? గ్లోబు మీద గీతలుంటాయి, భూమి మీద ఉంటాయా? ఆ సీసా ఒక్క సంగతి చెబుతుంది: లోపల జాగా పెరిగితే పీడనం తగ్గుతుంది, బయటి గాలి లోపలికి వస్తుంది. చాలామంది పిల్లలు గాలి వచ్చి ఊపిరితిత్తుల్ని ఉబ్బిస్తుందనుకుంటారు. నిజం తిరగేసి ఉంటుంది: ముందు జాగా, తర్వాత గాలి. దాన్ని పది రూపాయల్లో చూపించే ఇంకో వస్తువు నాకైతే తెలియదు.

ఓరుగల్లు_అక్క
నేను ఊపిరితిత్తుల పాఠానికి సీసా పక్కకు వెట్టి మూడేండ్లయింది. ఆదివారం మటన్ షాపుల తెల్ల కార్జం, అంటే ఊపిరితిత్తులు, అడిగి తెచ్చుకుంట. కోసుడు వద్దు, గొంతు గొట్టం తోటి మొత్తం ఇయ్యమని ముందే జెప్పాలె, లేకుంటే ముక్కలు జేసి ఇస్తరు. ఇంటికాడ మంచిగ కడిగి, గొట్టంల సైకిల్ పంపు పైపు వెట్టి దారం గట్టి ఒక్కసారి కొడితే సూడాలె! ముడుసుకపోయిన ముద్ద లేత గులాబి రంగుల లేసొస్తది. పంపు తీస్తే దానంతటదే దిగుతది. ఊపిరి ఇడిసేటప్పుడు ఎవ్వలూ పిండుడు అవసరం లేదు, అది సాగి మళ్ల ముడుసుకునే గుణం అని నోటితోని జెప్పే పనే లేదు. ఒక ముక్క కోసి నీళ్లల్ల ఏస్తే తేలుతది, పక్కన మామూలు కార్జం (లివర్) ముక్క ఏస్తే మునుగుతది. బుడగ గాదు, స్పాంజి అని పిల్లలే అంటరు.

వీడియో తీసి పెట్టిన. సీసా వీడియో అంత మంది సూడలే గని, సూసినోళ్లు మర్సిపోరు.

పెన్నా_తీరం
అక్కా, మా క్లాసులో సగంమంది మాంసం ముట్టని ఇళ్ల పిల్లలు. ఒకసారి మేక గుండె తెస్తే ఇద్దరు వాంతి చేసుకున్నారు. తల్లిదండ్రులు హెడ్‌మాష్టారి దగ్గరికొచ్చారు. అప్పట్నుంచీ నేను తేను. మీలాంటివాళ్ల వీడియో పెట్టి, చూడలేని పిల్లలు తల తిప్పుకోవచ్చు అని ముందే చెబుతా. వీడియో వల్ల నాకున్న పెద్ద మేలు ఇదే. ఒకరు కోస్తే వెయ్యి బళ్లు చూస్తాయి, వాసన రాదు.

గుండె_సవ్వడి
అక్క గారూ, అద్భుతం. ఒక్క హెచ్చరిక. నోటితో ఎప్పుడూ ఊదకండి, పంపే వాడండి. చేతులకి గ్లవ్స్, తర్వాత సబ్బు. ఊపిరితిత్తి మీద నీటి బుడగల్లాంటి తెల్లటి తిత్తులు కనబడితే దాన్ని పారేయండి, వీడియోకి వేరేది తెచ్చుకోండి. అది హైడాటిడ్ కావచ్చు. బద్దెపురుగు జాతిది. అలాంటి ఊపిరితిత్తులు కుక్కలు తింటే వాటి పేగుల్లో పురుగు పెరిగి, గుడ్లు వాటి మలం నుంచి మనుషులకి అంటుకుంటాయి. కాబట్టి మిగిలింది వీధికుక్కలకి వేయకుండా లోతుగా గొయ్యి తీసి పూడ్చండి. ఈ మాట మీ వీడియోలోనే చెబితే అదే ఒక పాఠం.

ఓరుగల్లు_అక్క
అయ్యో, నేను రెండుసార్లు కుక్కలకే ఏసిన సార్. వీడియో కింద ఇయ్యాలనే రాస్త.

ఎంసీల్
నేను టీచర్ని కాదు, ప్లంబింగ్ సామాన్ల షాపు. మా పాప కోసం ఇలాంటివి చేసి వీడియోలు పెడుతుంటాను. డాక్టర్ గారి గాజు పలకల మాట చదవగానే ఒకటి తట్టింది. నిన్న రాత్రి చేసి చూశాను కూడా.

సీసాలో బెలూన్ చుట్టూ ఉన్న గాలి తీసేసి నీళ్లు నింపితే? అలా చేస్తే ఖాళీ అనేదే ఉండదు. మూతకి గొట్టం బిగించి చుట్టూ ఎం-సీల్ పెట్టి ఒక రాత్రి ఆరనివ్వండి, ఇక్కడ తొందరపడితే మొత్తం కారిపోతుంది. ఒక్క బెలూన్ చాలు, రెండు పెడితే అతుకులు ఎక్కువ. సీసా తలకిందులుగా పట్టుకుని, కోసిన అడుగు వైపు నుంచి అంచు దాకా నీళ్లు పొయ్యండి. నీళ్ల ఒత్తిడికి బెలూన్ చప్పబడిపోతుంది. పైన రబ్బరు సాగదీసి, బుడగ మిగలకుండా బిగించి, ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు. ఇప్పుడు సీసా తిప్పండి.

తిప్పగానే నేను అనుకోనిది జరిగింది. నీళ్ల బరువుకి కింది రబ్బరు కాస్త కిందికి సాగింది, దాంతో లోపలి బెలూన్ దానంతటదే కొంచెం విచ్చుకుంది. చేత్తో లాగితే ఇంకా ఉబ్బుతుంది, వదిలితే తగ్గుతుంది గానీ పూర్తిగా చప్పబడదు. ఎందుకో అర్థం కాలేదు. తప్పు చేశానా?

గుండె_సవ్వడి
తప్పు కాదండీ, బ్రహ్మాండం! మన ఊపిరితిత్తులు కూడా ఎప్పుడూ పూర్తిగా ఖాళీ అవవు. ఎంత గట్టిగా ఊదేసినా పెద్దవాళ్లలో సుమారు లీటరు పైచిలుకు గాలి లోపల మిగిలే ఉంటుంది. మామూలుగా ఒక ఊపిరికి వచ్చిపోయేది అర లీటరు. మీ బెలూన్‌లో మిగిలింది చూపించి ఆ సంగతి చెప్పొచ్చు. కారణం వేరు, మీ దగ్గర నీళ్ల బరువు, మన దగ్గర ఛాతీ గోడ బయటికి లాగి పట్టుకోవడం. కానీ రెండు చోట్లా ఏదో ఒకటి బయటికి లాగి ఉంచుతోంది.

నల్లబల్ల
ఎంసీల్ అన్నా, వీడియో పెట్టు తొందరగా.

వీధిబడి
బాగుంది. కానీ 38 మంది పిల్లలు, 38 సీసాలు, నీళ్లు, ఎం-సీల్ అంటే క్లాసు చెరువైపోతుంది. పిల్లలు చేయడానికి గాలి సీసా, టీచర్ చూపడానికి నీళ్ల సీసా. రెండూ పక్కపక్కన పెట్టి "తేడా చెప్పండి" అంటే ఆ రోజు పాఠం అయిపోయినట్టే.

డబ్లిన్_నాన్న
ఇక్కడ మా ఇద్దరు పిల్లలకి తెలుగు నిలబడాలని వారానికొకటి తెలుగు సైన్స్ వీడియో చూపిస్తాను. మాష్టారి సీసా వీడియో మా ఇంట్లో కనీసం ఐదుసార్లు ఆడింది. పెద్దదానికి "ఊపిరితిత్తులు" అనే మాట అక్కడే వచ్చింది, ఇప్పుడు వాళ్ల బామ్మకి ఫోన్లో చెబుతుంది. తీసేస్తే బాధపడతాను. ఒక్క మాట మాత్రం: "ఉదరవితానం", "వాయుగోణులు" (ఊపిరితిత్తుల్లోని చిన్న చిన్న గాలి గదులు) లాంటివి ఒక్కసారి అనేసి వెళ్లిపోతే మా పిల్లలకి అందడం లేదు. తెర మీద రాయండి, నిమిషం తర్వాత ఇంకోసారి అనండి.

నల్లబల్ల
డబ్లిన్‌లోనే కాదు, మా మండలంలో కూడా అదే కథ. ఇప్పుడు మా బళ్లో పుస్తకం ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు. పిల్లవాడికి ఇంట్లో కిడ్నీ, పుస్తకంలో మూత్రపిండం, ఇంకో పుస్తకంలో వృక్కం. మూడూ ఒకటేనని ఎవరూ చెప్పకపోతే మూడు అవయవాలనుకుంటాడు. నేను వీడియోలో మొదట జనం మాట అంటాను, తర్వాత పుస్తకం మాట, తర్వాత ఇంగ్లీషు మాట. మూడూ ఒకేసారి తెర మీద వేస్తాను. పిల్లలు పరీక్షలో ఏ మాట రాసినా నేను మార్కులు వేస్తా.

లాబ్_తాళంచెవి
నేను జూనియర్ కాలేజీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. వీడియోల్లో చూసే మరో తప్పు చెబుతాను. లాలాజలం ప్రయోగం. గంజి పలచగా చేసి రెండు గ్లాసుల్లో పోసి, ఒక దాంట్లో కాస్త లాలాజలం కలిపి, పది నిమిషాలాగి రెండింట్లోనూ పోవిడోన్ అయోడిన్ చుక్క వేస్తారు. ఒకటి నీలంగా మారుతుంది, రెండోది మారదు. పిండిపదార్థాన్ని లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైమ్ విరగ్గొట్టింది అంటారు. ఇంతవరకు సరే.

కానీ ఈ మధ్య ఒక వీడియోలో నిమ్మరసం కూడా గంజిని అరిగిస్తుందని చూపించారు. నిమ్మరసం పిండగానే నీలం పోయింది. పోయింది పిండి కాదు, అయోడిన్. నిమ్మరసంలోని విటమిన్ సి అయోడిన్ రంగు పోగొడుతుంది. గంజి ఎలా ఉన్నది అలాగే ఉంది. వేరే గ్లాసులో ఉత్త నీళ్లలో అయోడిన్ వేసి నిమ్మరసం పిండినా గోధుమ రంగు పోతుంది. ఆ ఒక్క గ్లాసు అదనంగా పెట్టి ఉంటే తప్పు వాళ్లకే తెలిసేది. మా ల్యాబ్‌లో ఎప్పుడూ మూడు పరీక్షనాళికలు పెట్టించేవాణ్ణి: ఉత్త గంజి, లాలాజలం కలిపినది, మరిగించి చల్లార్చిన లాలాజలం కలిపినది. మూడోది నీలంగానే ఉంటుంది, ఎందుకంటే వేడికి ఎంజైమ్ పాడైపోయింది. ఆ మూడో నాళిక లేకపోతే నా లెక్కలో అది ప్రయోగమే కాదు.

గోదారి_గట్టు
తాత గారూ, ఇది బంగారం. మా వాడు ఇప్పుడే ఫ్రిజ్‌లో నిమ్మకాయ వెతుకుతున్నాడు.

చీపురుపుల్ల
ఖర్చు లేకుండా మోడలే లేని ప్రయోగాలు కూడా ఉన్నాయి కదా, మన ఒళ్లే ప్రయోగశాల. నేను అవే పెడుతుంటా. మణికట్టు దగ్గర నాడి కొట్టుకునే చోట చిన్న మైనం ముద్ద పెట్టి అందులో చీపురుపుల్ల గుచ్చండి. పుల్ల టిక్ టిక్ మని ఊగుతుంది. ఫోన్ దగ్గరగా పెట్టి తీస్తే క్లాసంతా లెక్కపెట్టొచ్చు. స్కేలు వదిలి పట్టుకునే ఆట ఇంకోటి. 15 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే సుమారు 0.175 సెకను, 20 దగ్గరైతే 0.2 సెకను పట్టినట్టు. కన్ను చూసి, మెదడు చెప్పి, వేళ్లు బిగిసేదాకా అంత సేపు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది మాత్రం సిరల కవాటాల ప్రయోగం. దండ చెయ్యికి తువ్వాలు కాస్త బిగించి కట్టండి, మరీ గట్టిగా వద్దు, నిమిషం కంటే ఎక్కువసేపు వద్దు. ముంజేతి మీద సిరలు ఉబ్బి తేలతాయి, అక్కడక్కడా ముళ్లలా కనిపిస్తాయి. ఒక వేలితో సిరని అదిమి పట్టి, ఇంకో వేలితో అక్కణ్ణుంచి మోచేతి వైపు రక్తాన్ని తోసేయండి. తోసిన భాగం చప్పగా పడి ఉంటుంది, పై నుంచి రక్తం వెనక్కి రాదు. కింది వేలు తీయగానే సర్రున నిండుతుంది. సిరలో రక్తం గుండె వైపే పోతుందని ఇంగ్లండ్ డాక్టర్ విలియం హార్వీ 1628లో అచ్చువేసిన పుస్తకంలో బొమ్మలతో చూపించింది ఇదే. దాదాపు నాలుగొందల ఏళ్ల ప్రయోగం, మన చేతి మీదే ఉంది, ఎవరూ వీడియో తీయరు.

నల్లబల్ల
ఇప్పుడే చేశాను. ఒళ్లు జలదరించింది. ఇరవై ఏళ్లుగా కవాటాల పాఠం చెబుతున్నా, నా చేతిలో కవాటం చూసుకోవడం ఇదే మొదలు.

ఓరుగల్లు_అక్క
ఇంకొకటి. గుండె మోడల్ వీడియోలల్ల సిరలకు నీలం సిరా నీళ్లు వోస్తరు. పిల్లలు నిజంగనే నీలం రక్తం ఉంటదనుకుంటున్నరు. మా దగ్గర ఒక పిలగాడు చేతి మీద నరం జూపెట్టి "టీచర్, ఇది చెడు రక్తం" అన్నడు. నేను ఇప్పుడు ఒక దాంట్ల ఎర్ర నీళ్లు, ఇంకో దాంట్ల బీట్‌రూట్ ఉడకవెట్టిన ముదురు నీళ్లు వోస్తున్న. ఆక్సిజన్ తక్కువున్న రక్తం ముదురు ఎరుపు, అంతే.

పెన్నా_తీరం
"చెడు రక్తం" అన్నారు కాబట్టి నా సంగతి కూడా చెప్పేస్తాను. ప్రత్యుత్పత్తి పాఠం. మా దగ్గర చాలామంది టీచర్లు "ఇంట్లో చదువుకోండి" అని దాటేస్తారు. నేను దానికే వీడియోలు మొదలుపెట్టాను. పిల్లలు నన్ను నేరుగా అడగలేనివి కామెంట్లలో అడుగుతారు.

మా ఊళ్లో నెలసరి రక్తం అంటే చెడు రక్తం, అది బయటికి పోకపోతే తలకెక్కుతుందని అమ్మమ్మలే చెబుతారు. అందుకని వంటింట్లో చేసే మోడల్ ఒకటి చేశా. పిడికిలంత గోధుమపిండి ముద్ద గర్భాశయం, లోపల గుంట చేసి పలచగా ఎర్ర ముఖమల్ గుడ్డ పొరలా పరిచా. బిడ్డ వస్తుందని సిద్ధం చేసిన పరుపు అది, ఎవరూ రాకపోతే ఆ పరుపే ఊడి బయటికొస్తుంది, కొంత రక్తంతో కలిసి. అంతే తప్ప ఒంట్లో ఉన్న మలినం కాదు. తర్వాత ఒక కప్పులో రెండు మూడు పెద్ద చెంచాల ఎర్ర నీళ్లు పోసి చూపించా. మామూలుగా ఒక నెలసరిలో పోయే రక్తం సగటున 30 నుంచి 40 మిల్లీలీటర్లే. పిల్లలు నోరు తెరిచారు. లీటర్లు పోతుందనుకుని భయపడుతున్నారట పాపం. 80 దాటుతుంటే, గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సొస్తుంటే డాక్టర్‌కి చూపించాలని కూడా చెప్పా.

కామెంట్లలో తిట్లు వచ్చాయి. "ఇవన్నీ ఆడపిల్లలకి ఎందుకు చెబుతున్నారు" అని ఒకాయన. ఆయన కిందే ఒక తండ్రి రాశాడు: "మా పాపకి తల్లి లేదు. ఈ వీడియో చూపించి నేను బయట కూర్చున్నా. థాంక్స్ మేడం." ఆ ఒక్క కామెంట్ కోసం ఇంకో పది వీడియోలు చేస్తా.

డబ్లిన్_నాన్న
పెన్నా గారూ, ఆ కామెంట్ చదివి కళ్లు చెమర్చాయి. మా పెద్దదానికి పదకొండేళ్లు. ఈ వారం ఆ వీడియోనే.

గుండె_సవ్వడి
మేడం చెప్పిన అంకెలు సరైనవే. ఇలాంటి వీడియోలో సంఖ్య ఉండటం ఎంత అవసరమో చూడండి. "ఎక్కువ", "తక్కువ" అంటే ఎవరి భయం వాళ్లది.

భీమవరం_బుల్లోడు
కండరాల పాఠానికి వీడియో చేసేవాళ్లెవరైనా మా ఊరాయన్ని మర్చిపోకండి! యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. హార్వర్డ్‌లో శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి కండరాలకి శక్తినిచ్చే రసాయనాలు ఫాస్ఫోక్రియాటిన్‌ని 1927లో, ఏటీపీని 1929లో కనిపెట్టారు. ఏటీపీని అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా కనిపెట్టాడు. బట్టల క్లిప్పు రెండు వేళ్లతో నొక్కుతూ నిమిషంలో ఎన్నిసార్లు నొక్కగలవో లెక్కపెట్టమంటే మొదటి పది సెకన్లలోని జోరు తర్వాత ఉండదు. ఆ మొదటి జోరులో పెద్ద వాటా ఫాస్ఫోక్రియాటిన్‌దే. పిల్లలకి క్లిప్పు ఇచ్చి, ఇది కనిపెట్టిన చెయ్యి మన పశ్చిమ గోదావరిది అని చెప్పండి.

చీపురుపుల్ల
క్లిప్పు ప్రయోగం నేను తీసుకుంటున్నా, పేరు మీది వేస్తా.

వీధిబడి
మాష్టారు అడిగిన దాని దగ్గరికి వద్దాం. యూట్యూబ్‌లో పాత లింకు అలాగే ఉంచి లోపలి వీడియో మార్చడం కుదరదు. తీసేస్తే వేరే జిల్లాల టీచర్లు దాచుకున్న లింకులన్నీ పోతాయి. కొత్తది చేసి, పాతదాని కింద మొదటి కామెంట్‌గా "ఈ మోడల్‌లో నాలుగు లోపాలున్నాయి, ఇక్కడ చూడండి" అని పిన్ చేయండి. పాతదాని పేరులో కూడా కలపండి.

ఎంసీల్
కొత్తది తీసేటప్పుడు సాయం కావాలంటే చెప్పండి మాష్టారూ. ఫోన్ పైనుంచి కిందికి చూసేలా పెట్టడానికి స్టాండు కొనక్కర్లేదు. ముప్పావు అంగుళం పీవీసీ పైపు ఐదడుగులు, నాలుగు ఎల్బోలు, రెండు టీలు. గిలకబావి చట్రంలా నిలబెట్టి మధ్య పైపుకి ఫోన్ రబ్బరు బ్యాండ్లతో కట్టేయడమే. నా దగ్గర తెగిన ముక్కలు చాలా ఉంటాయి, బస్సులో పంపిస్తా.

చాక్‌పీస్_మాష్టారు
పది రోజులు కనబడనందుకు ఏమనుకోకండి, పని చేస్తున్నా. పాత వీడియో తీయలేదు, వీధిబడి గారు చెప్పినట్టే పిన్ చేశాను. కొత్తది నిన్న పెట్టాను.

కొత్త వీడియో ఆ అమ్మాయి ప్రశ్నతో మొదలవుతుంది, ఇంట్లో అడిగి అనుమతి తీసుకుని ఆమె గొంతుతోనే. మొహం చూపించలేదు. తర్వాత గాలి సీసా, పక్కనే ఎంసీల్ గారి నీళ్ల సీసా. మొదటిసారి నాదీ కారిపోయింది, కారడం కూడా వీడియోలో ఉంచాను. ఆ తర్వాత ఓరుగల్లు అక్క గారి వీడియోలోంచి పంపు కొట్టే ఇరవై సెకన్లు, వారి అనుమతితో. పక్కటెముకల కోసం పిల్లల్ని లేపి, రెండు చేతులూ పక్కలకి ఆనించి గట్టిగా ఊపిరి పీల్చమన్నాను. వేళ్లు దూరం జరగడం ఫోన్‌లో స్పష్టంగా పడింది. ఏడు నిమిషాలకి సరిపోయింది.

క్లాసులో వేశాక బొమ్మ గీయమన్నాను. ఈసారి ఛాతీ గోడకీ ఊపిరితిత్తికీ మధ్య జాగా వదిలినవాళ్లు నలుగురే. "చెయ్యి సార్" అన్నవాడు లేచి ఇంకోటి అడిగాడు: "సార్, పగలైతే మనం పీలుస్తాం. రాత్రి నిద్రపోయాక ఉదరవితానాన్ని ఎవరు లాగుతారు?" రేపు చెబుతానన్నాను. డాక్టర్ గారూ, సాయం.

గుండె_సవ్వడి
మెదడు కింది భాగంలో, వెన్నుపాముని కలిసే చోట మజ్జాముఖం ఉంది కదా, అక్కడి నాడీకణాలు మనం తలచుకున్నా తలచుకోకపోయినా లయ తప్పకుండా సంకేతాలు పంపుతూనే ఉంటాయి. అవి మెడ దగ్గర మూడు, నాలుగు, ఐదు నాడుల నుంచి బయల్దేరే ఫ్రెనిక్ నాడి ద్వారా ఉదరవితానానికి చేరతాయి. ఆజ్ఞ మెడలోంచి బయల్దేరి పొట్ట పైదాకా వస్తుంది. మెడ విరిగినవాళ్లకి ఊపిరి ప్రమాదం అందుకే.

ఎంసీల్
పైన మీట నొక్కితే కింద కదలాలి, అంతే కదా? సైకిల్ బ్రేకు వైరు! పైన బ్రేకు మీట మెదడు, వైరు నాడి, కింద రబ్బరుకి కట్టేద్దాం. అప్పుడు సీసా కింద చెయ్యి కనబడదు.

చాక్‌పీస్_మాష్టారు
బాగుంటుంది అన్నా! కానీ బ్రేకు వైరు తనే లాగుతుంది. నాడి లాగదు, కబురు మోసుకెళ్తుంది, లాగేది కండరమే. ఈ తేడా వీడియో మొదటి నిమిషంలోనే చెప్పేస్తాను, లేకపోతే వచ్చే ఏడు ఉదరవితానానికి వైరు కట్టి బొమ్మలు గీస్తారు.

ఎంసీల్
సరే. వైరు పాతదైనా చాలు, తుప్పు మాత్రం పట్టి ఉండకూడదు. ఆదివారం సైకిల్ షాపుకి వెళ్తున్నా, మీకూ ఒకటి తీసుకుంటా.